పంతొమ్మిది మాటలతో దిగిన విమానం

మా బావకు విమానం నడపడం నేర్పింది నేను. నేను ఇప్పటిదాకా విమానం ఎక్కలేదు. నడిపేది కంప్యూటర్ తెర మీద కాబట్టి రెండు మాటలూ నిజమే.

నాకు ఆ సిమ్యులేటర్ మీద మోజు పుట్టింది విమానం కోసం కాదు, దాని లెక్కల కోసం. పదో తరగతితో బడి మానేసి సిరిసిల్లలో వార్పిన్ దగ్గర చేరినవాణ్ణి. నూలు పోగులను వరుసగా పేర్చి భీము అనే పెద్ద రోలరు మీదికి చుట్టే చోటు అది. ఎన్ని పోగులు, ఎన్ని మీటర్లు, ఎక్కడ తెగింది, ఇంకెంత మిగిలింది, ముప్పై ఏళ్ళుగా నా పని ఇదే. మిగతా లెక్కలు కరీంనగర్ బస్టాండు దగ్గర దొరికే పాత పుస్తకాల్లోంచి సొంతంగా నేర్చుకున్నాను. విమానం దించడంలో ఒక చక్కని లెక్క ఉంది. ఎత్తు ఎన్ని వేల అడుగులుంటే దాన్ని మూడుతో గుణించాలి. అన్ని మైళ్ళ ముందు నుంచి దిగడం మొదలుపెట్టాలి. ముప్పై వేల అడుగులకు తొంభై మైళ్ళు. నాగపూర్ నుంచి హైదరాబాద్ వచ్చే దారిలో ఆదిలాబాద్ అడవులు దాటి, గోదావరి కనబడి, అది వెనకబడిన కాసేపటికి ఆ తొంభై మైళ్ళ గుర్తు వస్తుంది. దీన్ని మొదటిసారి కాగితం మీద వేసి, తెర మీద సరిపోవడం చూసిన రోజు నాకు అన్నం రుచించింది.

బావ అంటే మా అక్క భర్త. మా రెండు ఇళ్ళకూ మధ్య ఒకటే గోడ. ఆయన సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, ఇరవై తొమ్మిదేళ్ళు బట్ట నేశాడు. రెండేళ్ళ కింద కుడి చేతి చొక్కా అంచు సాంచా పళ్ళ చక్రాల్లో పడింది. చెయ్యి మణికట్టు దాకా పోయింది. ఎడమ చేత్తో తినడం నేర్చుకున్నాడు, సంతకం చెయ్యడం నేర్చుకున్నాడు. చొక్కా గుండీలు మాత్రం అక్క పెట్టాలి. గుండీలు పెట్టినంతసేపూ ఆయన గోడ వైపు చూస్తూ నిలబడతాడు.

పొద్దంతా మంచం మీద కూర్చునేవాడు. మాటలు తగ్గిపోయాయి. నేను విమానం నడుపుతుంటే వచ్చి పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు. తెర కన్నా చప్పుడు ఆయనకు నచ్చింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు.

"నలభై సాంచాలు ఒక్కపారి నడిచినట్టున్నది బామ్మర్ది" అన్నాడు ఒకరోజు. ఆ వారంలో ఆయన నాతో అన్న మొదటి మాట అదే.

విమానాన్ని తిప్పే స్టిక్ ఎడమ చేత్తో పట్టుకోవచ్చు. రెండు నెలల్లో బావ దాన్ని నాకన్నా బాగా పట్టడం నేర్చాడు. తెగిన పోగును వేలితో వెతికి ముడి వేసిన చెయ్యి కదా, అనవసరంగా వణకదు. కానీ పెద్ద విమానం ఒక్క స్టిక్‌తో దిగదు. ఎత్తు, వేగం పెట్టాలి, రెక్కల వెనక ఫ్లాప్స్ దించాలి, చక్రాలు దించాలి, దిగాక ఇంజన్లు ఆపాలి. ఆ మీటలన్నీ నేను నొక్కేవాణ్ణి. ఒక సాయంత్రం విమానం హైదరాబాద్‌లో మెత్తగా దిగింది. నేను భుజం తట్టాను.

"దించింది నువ్వు" అన్నాడు బావ. "నేను ఉత్తగ పట్టుకున్న."

"పట్టుకునుడే కష్టం బావా."

"గుండీలు మీ అక్క వెడ్తది. చెప్పులకు పట్టీ మీ అక్క వెడ్తది. గీ ఒక్కటన్న సురువు నుంచి ఆఖరు దాక నేనొక్కన్నే చెయ్యాలె."

అడిగింది అంతే. అందుకే కంప్యూటర్ వాళ్ళింట్లోకి మార్చి, మాటతో నడిచే ఏర్పాటు మొదలుపెట్టాను.

అలాంటి ప్రోగ్రామ్ ఒకటి ఉంది. ఏ మాట అంటే ఏ మీట నొక్కాలో ముందే రాసిపెడితే, మైకులో ఆ మాట పడగానే అదే నొక్కుతుంది. దానికి మన తెలుగు రాదు. ఇంగ్లీషులో చిన్న చిన్న మాటలు ఏరి పెట్టాను. గేర్ డౌన్, ఫ్లాప్స్ వన్, ఫ్లాప్స్ ఫుల్, రివర్స్, ఇట్లాంటివి. దిగడం మొదలైన దగ్గర్నుంచి ఇంజన్లు ఆపేదాకా కావలసినవి లెక్కేస్తే పంతొమ్మిది వచ్చాయి. బావ వాటిని రెండు రోజుల్లో కంఠతా పట్టాడు. మాట అనే ముందు స్టిక్ మీది మీట బొటనవేలితో నొక్కాలి, అప్పుడే మైకు వింటుంది. అన్న ప్రతి మాటకూ ప్రోగ్రామ్ నూటికి ఇన్ని అని మార్కులు వేస్తుంది. ఎనభై దాటితే ఒప్పుకుంటుంది, లేకపోతే ఊరుకుంటుంది.

ఇంజన్లు ఆపి ఉంచి పరీక్షించాం. నలభై సార్లు అన్నాడు, ముప్పై ఎనిమిది సార్లు ఒప్పుకుంది. నోట్‌బుక్‌లో రాశాను. అక్క చాయ్ పోసింది. ఇక అయిపోయినట్టే అనుకున్నాను.

ఇంజన్లు నడిపించాక నలభైకి ఇరవై రెండు. కిందికి దిగి నేల దగ్గర పడుతున్నప్పుడు నలభైకి పదకొండు.

ఆ తర్వాతి మూడు వారాల గురించి రాయడానికే నాకు విసుగ్గా ఉంది. నాలుగింటికి వార్పిన్ నుంచి వచ్చి, మొఖం కడుక్కుని, ఐదింటికి కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి. ఇంజన్ చప్పుడు ఎక్కువైనకొద్దీ మాట తప్పుతోంది కాబట్టి, హెడ్‌ఫోన్లలోంచి ఆ చప్పుడు కారి మైకులో పడుతోందని నా లెక్క. మైకు చుట్టూ స్పాంజి కట్టాను. మైకును పెదవులకు రెండు వేళ్ళ దూరంలో పెట్టాను, తర్వాత ఒక వేలు, తర్వాత ఆనించి. ప్రతి దూరానికీ ఒక పట్టిక. అన్నవి ఒక గడి, ఒప్పుకున్నవి ఒక గడి, ఒప్పుకోనివి ఒక గడి. పదహారు పేజీలు నిండాయి. ఒప్పుకునే మార్కు ఎనభై నుంచి అరవైకి తగ్గించాను. అప్పుడు బావ మాట మధ్యలో దగ్గితే ఫ్లాప్స్ దిగాయి.

అక్క వంటింట్లోంచి చూసింది. "దగ్గితే రెక్కలు కదులుతయా తమ్మీ? జలుబు చేస్తే ఏం గావాలె మరి, అందరు సచ్చుడేనా?"

బావ నవ్వలేదు. మళ్ళీ ఎనభై పెట్టాను.

మూడో వారం ఆఖర్లో ఒక సాయంత్రం అంతా బాగానే వచ్చింది. గోదావరి దాటాం. తొంభై మైళ్ళ గుర్తు దగ్గర దిగడం మొదలైంది. పది మాటల్లో ఆరు ఒకటి రెండు సార్లకే పట్టుకుంది. రెండు వేల అడుగుల దగ్గర చక్రాలు దించాలి. తెర మీద చక్రాల దీపం వెలగడం లేదు. పదిహేను వందలు. వెయ్యి. నా కళ్ళు ఆ దీపం మీదే ఉన్నాయి. ఐదు వందల దగ్గర ఓర్చుకోలేక మీట నేనే నొక్కాను. విమానం బాగానే దిగింది.

బావ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు.

"మళ్ళ నువ్వే దించినవ్."

"పొట్ట మీద దిగుతుండె కదా బావా."

"దిగితే దిగు. దాంట్ల ఎవలన్న ఉన్నరా?" లేచి గడప మీదికి పోయి కూర్చున్నాడు. "నా గొంతు దానికి లెక్కనే లేదు. ఇడిసిపెట్టు బామ్మర్ది. నువ్వు గూడ పరేషాన్ అయితున్నవ్."

విడిచిపెడదామనే అనుకున్నాను. నిజం చెప్పాలంటే కొంచెం తేలికగా కూడా అనిపించింది. నడుము నొప్పి, కళ్ళ మంట. వార్పిన్ దగ్గర రెండుసార్లు పోగుల లెక్క తప్పాను, ముప్పై ఏళ్ళలో అట్లా ఎప్పుడూ జరగలేదు. కానీ గడప మీద కూర్చున్న మనిషి వీపు చూస్తే మర్నాడు కూడా ఐదింటికి పోక తప్పలేదు. ఇదే ఆఖరు అని చెప్పి బతిమాలి కూర్చోబెట్టాను.

రెండు వేల అడుగులు. చక్రాల దీపం వెలగలేదు. నేను మీట మీద చెయ్యి పెట్టకుండా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని తెర చూస్తున్నాను. అక్క చాయ్ గ్లాసులతో బావకు ఎదురుగా వచ్చి నిలబడింది.

"చెయ్యరాదు తమ్మీ, ఊకె కూసున్నవేంది" అంది.

"ఏం చెయ్యాలె?"

"గేర్ డౌన్, గేర్ డౌన్ అని ఎప్పటిసంది మొత్తుకుంటుండు మీ బావ. ఇనవడ్తలేదా నీకు?"

నాకు వినపడలేదు. జానెడు దూరంలో కూర్చున్నాను, ఒక్క మాట కూడా వినపడలేదు. తెర మీంచి తల తిప్పి బావ మొఖం చూశాను. పెదవులు కదులుతున్నాయి. మాట మాట విడివిడిగా, నోరు బాగా తెరిచి, నుదుటి మీద నరం ఉబ్బి, గట్టిగా అరిచే మనిషిలాగే ఉన్నాడు. గొంతు మాత్రం లేదు.

సాంచాల కార్ఖానాలో మనిషి గొంతు పనికిరాదు. నలభై సాంచాలు కొట్టుకుంటుంటే చెవిలో అరిచినా వినపడదు. అక్కడ పనిచేసేవాళ్ళు పెదవులతోనే మాట్లాడుకుంటారు. నూలు కండెలు అయిపోయాయని, పోగు తెగిందని, చాయ్ తాగొద్దామని, అవతలి వరుసలో ఉన్న మనిషికి నోరు కదిపి చెబుతారు. మొదట్లో అందరూ అరుస్తారట, కొన్నేళ్ళకు గొంతు తనంతట తాను ఊరుకుంటుంది. అక్క అదే కార్ఖానాలో ఒక మూల పదేళ్ళు కండెలు చుట్టింది. ఆయన పెదవులు కదిలితే ఆమెకు మాట వినపడినట్టే. నేను పనిచేసింది వార్పిన్ దగ్గర. మాది వేరే షెడ్డు, మాకు మాటలు వినపడతాయి. చెవుల్లో ఇంజన్లు మోగగానే బావ తన కార్ఖానాలోకి పోయాడు, నేను మూడు వారాలు దీపం చూస్తూ కూర్చున్నాను.

విమానం పొట్ట మీద దిగి, గీరుకుంటూ పోయి ఆగింది. ఎవరూ పట్టించుకోలేదు.

"బావా, నువ్వు గొంతెత్తి అంటలేవు" అన్నాను.

"అంటున్న. గట్టిగనే అంటున్న."

"పెదవులతోటి అంటున్నవ్."

ఆయన అక్క వైపు చూశాడు. అక్క గ్లాసులు కింద పెట్టింది. "నేను మొఖం చూసిన గద. సప్పుడు సంగతి నేను సోయి చెయ్యలే" అంది.

బావ కుడి చేతి చివర పట్టుకుని కూర్చున్నాడు. "అంటే గా దినం గుడ..." అన్నాడు. చెయ్యి చక్రాల్లో పడిన రోజు ఎంత అరిచినా పక్క సాంచా మనిషి తిరిగి చూడలేదని ఆయన కోపం. ఈ రెండేళ్ళలో ఆ మనిషి ఎదురైతే సందు మారేవాడు.

ఇంటికి వచ్చి నోట్‌బుక్ తీశాను. స్టిక్ మీది మీట నొక్కిన ప్రతిసారీ ప్రోగ్రామ్ రాసి పెట్టుకుంటుంది, నేను అందులోంచే ఎక్కించుకున్నాను. ఒప్పుకోనివాటిలో కొన్నింటికి యాభై, డెబ్బై మార్కులున్నాయి. అవి నిజంగా విని కాదన్నవి. మిగతావాటికి, అంటే ఎక్కువవాటికి, అసలు మార్కే లేదు, ఏ చప్పుడూ పడలేదని. రెండింటినీ ఒకే గడిలో వేశాను. పోగు తెగడం వేరు, పోగే లేకపోవడం వేరు. ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పనిలో మొదటి పాఠం అది. పదహారు పేజీలకూ అడ్డంగా గీత గీశాను.

మర్నాడు ఇంజన్ చప్పుడు పూర్తిగా ఆపి చూశాం. పంతొమ్మిదికి పంతొమ్మిది. కానీ బావ మొఖం చిట్లించాడు.

"సప్పుడు లేకపోతే సాంచ బందైనట్టున్నది. నడుస్తలేనట్టే."

అప్పుడు హెడ్‌ఫోన్ ఎడమ వైపు వెనక్కి జరిపి చెవి బయట పెట్టించాను. కుడి చెవికి ఇంజన్లు, ఎడమ చెవికి తన గొంతు. తన మాట తనకు వినపడితేనే అన్నట్టు లెక్క. మొదట మొదట గొంతు మళ్ళీ పోయేది. అక్క ఎదురుగా పీట వేసుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, "ఇనవడ్తలే" అని ఒక్కొక్కసారి అనేది. తొమ్మిది రోజులకు ఆ మాట అనాల్సిన అవసరం తగ్గింది.

ఆదివారం పొద్దున బావ మా గడప దగ్గరికి వచ్చాడు. చొక్కా గుండీలు అక్క పెట్టినవే.

"ఇయ్యాల నువ్వు రాకు. మీ ఇంట్లనే కూసో. మీ అక్క గుడ మార్కెట్‌కు పోతది."

"నేను ఊకె చూస్తా బావా, ముట్ట."

"నువ్వు చూస్తే ముట్టినట్టే."

విమానం నాగపూర్ పైన గాల్లోనే మొదలవుతుంది, గోదావరి దాకా ఏ మాటా ఉండదు. నేను గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాను, ఒళ్ళో కొత్త కాగితం, పంతొమ్మిది గడులు. తొంభై మైళ్ళకు దాదాపు ఇరవై మూడు నిమిషాలు. మొదటి మాట గోడలోంచి స్పష్టంగా వచ్చింది. బావ గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు. కొన్ని మాటలు రెండేసి సార్లు అన్నాడు. ఒకటి నాలుగు సార్లు. గేర్ డౌన్ అన్నప్పుడు కాగితం మీద చెయ్యి ఆపి చూశాను. రెండోసారి అనలేదు. అంటే దీపం వెలిగినట్టే. పద్దెనిమిదోది రివర్స్, నేల తాకినాక అనేది. అది వచ్చింది.

పంతొమ్మిదోది ఇంజన్లు ఆపమని. అది రాలేదు.

రెండు నిమిషాలు చూశాను. ఐదు చూశాను. లేచి చెప్పుల్లో ఒక కాలు పెట్టాను. మళ్ళీ కాలు తీసి అక్కడే కూర్చున్నాను. అలసటగా ఉంది, లేవకపోవడానికి అది కూడా ఒక కారణం.

ఇంతలో అక్క మార్కెట్ నుంచి వచ్చి సంచి దించిన చప్పుడైంది.

"దిగినవా?" అంది.

"దిగిన."

"మరి గది ఇంక చెవుల వెట్టుకునే ఉన్నవేంది? బందు చెయ్యరాదు."

"ఉండనియ్యి" అన్నాడు బావ, పక్కింటికి వినపడేంత గట్టిగా. "జర సేపు నడువనియ్యి."

పంతొమ్మిదో గడి ఖాళీగా వదిలి కాగితం మడత పెట్టాను.