ఏ చేలోనూ పండని రెండున్నర కిలోలు

ఆళ్లగడ్డ దగ్గరి ఊళ్లో లక్ష్మీనారాయణది తాతల నాటి సేద్యం. అరవై రెండేళ్ల మనిషి, పంట పోయిందని ఒక్కసారి కూడా నోటితో అనలేదు. ఎండిపోయిన ఏడు ఎవరైనా అడిగినా, ఇంటికి సరిపోయింది లేప్పా అనేవాడు. ఎరువు ముందు బాట పక్కనే చల్లించేవాడు, పోయేవాళ్లు చూడాలని. ఆ ఊళ్లో చాలామందిది అదే పద్ధతి.

నేను ఆ ఊరి వ్యవసాయ సహాయకురాలిని, వర్షిణిని. సొంతూరు నంద్యాల. పంట బీమా కోసం దిగుబడి తూచేది నేనే. ఊరి మొత్తానికి నాలుగు చేలను చీట్లు తీసినట్టు ఎంచుతారు. ఒక్కో చేలో, పై ఆఫీసు నుంచి వచ్చిన అంకెల ప్రకారం అడుగులు వేసి, ఆగిన చోట ఐదు మీటర్ల చదరం తాడుతో కట్టి, కోసి, గింజలు తూస్తాం. నాలుగు తూకాలు కలిపి నాలుగుతో భాగిస్తే ఊరి సగటు. ఆ ఏడు అది రెండు కిలోల కంటే తగ్గితే రైతులందరికీ బీమా వస్తుంది. తగ్గకపోతే ఒక్కరికీ రాదు.

శనగ వేశాక చినుకు పడలేదు. మొదటి మూడు చేలలో కిలో, కిలోన్నర, కిలోన్నర తూగింది. ఆ కిలో చేను ఆదెమ్మ కౌలుకు చేస్తున్నది. మొగుడు పోయాక ఒక్కతే చేసుకుంటోంది. బీమా వస్తేనే మళ్లీ ఏటికి కౌలు నిలుస్తుందని నాతో చెప్పింది.

నాలుగోది లక్ష్మీనారాయణ చేను. అడుగులు లెక్కపెట్టుకుంటూ పోయి, నడిమధ్య జానెడు మొక్క కూడా లేని చోట ఆగి, తాడు కట్టడానికి మేకులు పాతాను. ఆయన వచ్చి తాడు పట్టుకున్నాడు.

"ఆడ వద్దు తల్లీ. మా చేను ఇట్లుందని కాగితంలో ఎక్కితే తలెత్తుకోలేను. ఈడ బాట పక్కన కోయి."

కుదరదన్నాను. ఆయన తాడు వదలకుండా మళ్లీ అడిగాడు. ఒక్క చోటు మారితే పోయేదేముంది, ఎటూ సగటే కదా అనుకుని మేకులు పీకాను. చదువుకున్నదాన్ని, నాకే ఆ పాడు బుద్ధి పుట్టింది. బాట పక్క ఆరు కిలోలు తూగింది.

కొన్ని నెలలకు కబురొచ్చింది. ఊరి సగటు రెండున్నర, బీమా లేదు. ఊరంతా ఎండితే ఇదేం లెక్కని లక్ష్మీనారాయణే వచ్చి అడిగాడు. కాగితం మీద వేసి చూపించాను. ఆ మూడూ కలిస్తే నాలుగు, ఈయన ఆరుతో పది, నాలుగుతో భాగిస్తే రెండున్నర. అడుగులు ఆగిన చోటే కోసి ఉంటే కిలో తూగినా సగటు కిలోంబావు దాటేది కాదు.

"రెండున్నర యాడ పండింది తల్లీ?"

"ఏ చేలోనూ పండలేదు నాయనా. మీ ఆరు కిలోలు అందరి చేలకూ పంచిపెట్టినట్టు లెక్క."

మరునాడు ఇద్దరం నంద్యాల వ్యవసాయ ఆఫీసుకు పోయి జరిగింది రాసిచ్చాం. నా చేలో పంట పండలేదు అన్న వాక్యం ఆయనే చెప్పి రాయించి, కింద సంతకం పెట్టాడు. గడువు దాటిందన్నారు. తర్వాత నా మీద చర్య తీసుకున్నారు, అది న్యాయమే.

ఆ రోజే ఆయన బస్సు దిగి నేరుగా ఆదెమ్మ ఇంటికి పోయాడు, వెనకే నేను. చేసింది దాచకుండా చెప్పి, విత్తనం తానిస్తానని, కౌలు వదలొద్దని బతిమాలాడు. ఆమె అప్పటికే మూట కట్టుకుంది. ఎక్కడో దూరాన సున్నిపెంటలో ఇళ్లల్లో పనికి పోతోంది.

"నీ పరువు ఊరందరికీ పంచినావు లేన్నా. నా పాలు నాకు ముట్టింది. ఇంకేం వద్దు."

ఆయన గడప బయటే నిలబడిపోయాడు. ఆమె తలుపుకు తాళం వేసి, మా ఇద్దరి మధ్యనుంచే బస్సుకు నడిచింది.