బ్యాటరీకి పెట్టిన దీపం

బరంపురంలో మా గోసాని నువాగాం ఇంటికి కొత్త బ్యాటరీ వచ్చిన సాయంత్రం తలుచుకుంటే నాకు ముందుగా ఒక నల్లపూస గుర్తొస్తుంది.

మా ఆయనది బ్యాటరీ ఆటో. తెల్లారేసరికి గోపాలపూర్‌లో ఉండి, చేపలమ్మే ఆడవాళ్ళను బుట్టలతో సహా బరంపురం బజారుకు తేవాలి. పాత బ్యాటరీ దారిలో ఆగిపోయి వాళ్ళ చేపలు ఎండకు పాడయ్యాయి. ఇంకొక్కసారి తప్పితే వేరే ఆటో మాట్లాడుకుంటామని చెప్పేశారు. అందుకే ఇది కొన్నాం.

ఇది నీళ్ళు పోసే రకం కాదు. లోపల చిన్న బుర్ర ఉంటుందనీ, వేడిని కనిపెట్టి తనే ఛార్జింగ్ ఆపుకుంటుందనీ, ఇంకెంత దూరం పోగలదో రోజూ చూసి నేర్చుకుంటుందనీ షాపతను చెప్పాడు. మా ఫోన్‌లో దాని యాప్ వేసి, "కాపలా వైర్లు మాత్రం ముట్టుకోకండి, నిప్పంటుకోవచ్చు" అన్నాడు. వేడి చూసేవి మూడు, ఆ సన్నటి వైర్ల చివర నల్లపూసల్లా ఉన్నాయి. పూసకు వేడి ఎలా తెలుస్తుంది? నాకు అదే ధ్యాస.

మా అత్త సముద్రపొడ్డున పొడంపేట మనిషి. కొత్త పడవకు చేసినట్టే దీనికీ చేయాలంది. ఆటో వెనక తలుపు తీసి, బ్యాటరీ పెట్టెకు పసుపు, కుంకుమ, బంతిపూల దండ, ఎదురుగా దగ్గరగా పెట్టె ఎత్తే ఉన్న దీపపు సెమ్మె. ఛార్జింగ్ పెట్టి దండం పెట్టుకున్నాం. కాసేపటికి ఛార్జరు మీద పచ్చలైటు ఎర్రబడి, ఛార్జింగ్ ఆగిపోయింది.

"అయిపోనాది. కొత్తదీ పోనాది," అని మా ఆయన కటింగ్ ప్లయర్ తెచ్చారు. "ఆ కాపలా వైరు కోసేత్తే డైరెట్టుగా ఎక్కుతాది."

"ఉండండి. ఫోన్లో అదేటంటాదో సూద్దాం," అన్నాను.

నేను బడికి వెళ్ళలేదు. నాన్న ఇంట్లోనే తెలుగూ ఒడియా నేర్పారు. ఇంగ్లీషు అక్షరాలు మందు డబ్బాల మీద పట్టుబడ్డాయి. యాప్‌లో మూడు పూసలకు మూడు అంకెలు. రెండు మామూలుగా ఉన్నాయి, ఒకటి మాత్రం ఎగబాకింది. జ్వరమైతే ఒళ్ళంతా ఉండాలి గదా అనిపించి, పిల్లల నుదురు చూసినట్టు పెట్టె మీద చెయ్యి వేశాను. అంతా చల్లన. సెమ్మె వైపు మూల చురుక్కుమంది.

"దీపం సెగండీ! దీనికి జబ్బేటీ నేదు. అత్తా, సెమ్మె కొంచెం జరుపుతాను."

"సెయ్యెట్టకు! ఎలిగించిన దీపం దానంతటది కొండెక్కేదాకా కదపకూడదు. మీ నాయన ఇన్ని సదువులు సెప్పి ఇది సెప్పనేదేటే?"

చెప్పారు. నాకూ మనసొప్పలేదు. కానీ సెమ్మె నిండా నూనె. తెల్లవార్లూ వెలిగేలా ఉంది. మా ఆయన ప్లయర్ మళ్ళీ ఎత్తారు.

"దీపాన్ని కదపొద్దు," అన్నాను. "ఆటోనే కదుపుదాం."

అత్త నా వంక చూసి, ఆటో వంక చూసి, చీర బొడ్లో దోపింది. "పడవలు తోసినోళ్ళం, దీన్ని తోయలేమేటి? పట్టరా నాయనా!"

ఛార్జరు వైరు అందే మేర తోశాం. అంకె మెల్లగా దిగసాగింది.

"దిగుతాందా?" అని అత్త నిమిషానికోసారి. "ఇది నయమే, మీ మావ జొరమొస్తే ఎంతుందో సెప్పేవోడు కాదు."

ఎవరూ మీట నొక్కకుండానే లైటు పచ్చబడింది. మా ఆయన ప్లయర్ జేబులో వేసుకున్నారు. నేను మళ్ళీ చేతులు జోడించాను. దేవుడికో, పూసకో, చెప్పలేను.

పొద్దున మా ఆయన గోపాలపూర్ నుంచి ఫోన్ చేశారు: "అందరూ ఎక్కీసేరు."

మొదట్లో యాప్ చెప్పిన దూరం తప్పేది. బుట్టల బరువెక్కితే కరెంటు ఎక్కువ లాగుతుందట; ఆ లాగుడు రోజూ చూసి ఇప్పుడు సరిగ్గా చెబుతోంది. నోరు లేనిది అంత ఓపిగ్గా నేర్చుకుంటుంటే నాకు రోజూ వింతే.

శుక్రవారం దీపం పెట్టేటప్పుడు ఇప్పుడు అత్తే ముందు అడుగుతుంది: "నల్లపూసకి సెగ తగల్దు కదే?"