బాపు ఇల్లు, పెద్దబాపు పేరు

రెండు క్రిస్మస్‌లు నా తమ్ముడు లేకుండానే గడిచాయి సహోదరులారా! వాడేమీ పరదేశంలో లేడు, గోదావరి వంతెన దాటి కొంత దూరం పోతే శ్రీరాంపూర్, అక్కడ కంపెనీ క్వార్టర్‌లో ఉంటూ బొగ్గుబాయిలో డ్యూటీ చేస్తాడు, నేనేమో ఇక్కడ గోదావరిఖనిలో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ ఉంటాను, అయినా మా ఇద్దరి మధ్య మమ్మల్ని కన్న మా బాపు కట్టిన ఇల్లు అడ్డంగా నిలబడింది. సైతాను నిలబెట్టాడని చెబితే మీరంతా ఆమెన్ అంటారని తెలుసు. కానీ సైతానుకు అంత పని నేను పెట్టలేదు, నా నోరే సరిపోయింది.

మా బాపుకు రెండు పేర్లు. ఊళ్ళో ఓదేలు, బాయిలో కొమురయ్య. ఈ బొగ్గుబాయిల పక్కన పుట్టినవాళ్ళకు ఇది వింత కాదు, ఆ రోజుల్లో ఒకరికి వచ్చిన ఉద్యోగపు పిలుపు కాగితం పట్టుకుని మరొకరు బాయిలో దిగడం చాలా ఇళ్ళల్లో జరిగిందే. అసలు కొమురయ్య మా బాపుకు పెదనాన్న కొడుకు, మాకు పెద్దబాపు. ఆయన ఒక్కరోజు బాయిలో దిగి, ఆ చీకటి చూసి, పైకొచ్చి కాగితం మా బాపు చేతిలో పెట్టి, నాకు నాగలే నయమని వెళ్ళిపోయాడట. అంతే, మా బాపు ఆ పేరుతోనే దిగాడు, ఆ పేరుతోనే మమ్మల్ని చదివించాడు, ఆ పేరుతోనే గోదావరిఖనిలో ఇల్లు కట్టాడు. ఉద్యోగం నుంచి దిగిపోయాక ఊరికి చేరి, అక్కడే కన్ను మూశాడు. అమ్మ అంతకు ముందే ప్రభువు సన్నిధికి వెళ్ళింది.

ఆ ఇల్లు అమ్మి చెరి సగం తీసుకుందామని నేనూ తమ్ముడూ అనుకున్నాం. వాడికి క్వార్టర్ తప్ప సొంత గూడు లేదు, నా వాటాకు నా అవసరాలు నాకున్నాయి. కొనేవాళ్ళు దొరికారు, వకీలు గారు కాగితాలన్నీ పరిచి చూశారు, చూసి కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టారు. ఎందుకంటే ఊళ్ళో మరణ ధ్రువీకరణ పత్రం రాయించింది మా తమ్ముడు, వాడు ఓదేలు అని రాయించాడు, ఇల్లేమో కొమురయ్య పేరు మీద ఉంది. కాగితాల లెక్కన ఇంటి యజమాని చనిపోనే లేదు! పైగా అదే ఊళ్ళో కొమురయ్య పేరుతో నిజంగా బతికి చనిపోయిన మనిషి ఉన్నాడు కాబట్టి, ఆయన బిడ్డ రాజవ్వ వచ్చి తనకు ఈ ఇంట్లో హక్కు లేదని వేలిముద్ర వేస్తేనే కొంటామన్నారు వాళ్ళు.

రాజవ్వక్క దగ్గరికి నేను ఏ ముఖం పెట్టుకుని పోవాలి? బాపు దినాల నాడు ఆమె ఏడుస్తూ ఏడుస్తూ, "మా నాయిన పేరు మీద బతికిండ్రు గద చెల్లే" అంటే, అంతమంది ముందర నేను, "పేరు దప్ప ఏమిచ్చిండక్కా మీ నాయిన? బాయిల దిగింది మా బాపు" అని అనేశాను. డిగ్రీ చదివిన నోరు, ఊరుకుంటుందా?

అప్పుడొక బ్రోకరు సులువు చెప్పాడు. ఆ పేరుతో ఊళ్ళో ఇంకో మనిషే లేడని రాసేస్తే ఎవరి వేలిముద్రా అక్కర్లేదు మేడం అన్నాడు. సహోదరులారా, దాచకుండా చెబుతున్నాను, ఆ అబద్ధం నేనే నా అందమైన చేతిరాతతో రాశాను! వకీలు గారికి ఇచ్చే ముందు తమ్ముడి సంతకం కోసం తీసుకుపోయాను. వాడు చదివి పక్కన పెట్టాడు. "పెద్దబాపు నన్ను భుజాల మీద ఎక్కించుకొని జాతరకు తీస్కపోయిండక్కా. లేడని నేనెట్ల సంతకం పెట్టాలె?" అన్నాడు. నేను, "తండ్రి పేరు సక్కగ చెప్పరాని కొడుకువు, నువ్వా నాకు నీతులు చెప్పేది" అన్నాను. వాడు లేచి షిఫ్టుకు వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మాట లేదు.

నేను ప్రార్థన మానలేదు సుమా! రోజూ మోకాళ్ళ మీద ఉండి, ప్రభువా నా పక్షాన వాదించు, వాడి కళ్ళు తెరిపించు అని అడిగేదాన్ని. దేవుణ్ణి నా వకీలుగా పెట్టుకోవాలని చూశాను, ఆయన కేసు తీసుకోలేదు.

ఒక ఆదివారం మన పాస్టరయ్య, బైబిల్లో గుడ్డి తండ్రి దగ్గర అన్న పేరు చెప్పుకుని దీవెన పట్టుకుపోయిన తమ్ముడి సంగతి బోధించారు. నాకు కుర్చీలో ముళ్ళు మొలిచినట్టయింది. ఆరాధన కాగానే పోయి అడ్డుపడ్డాను. "అయ్యగారూ, అంత మోసం చేసినోణ్ణి దేవుడు ఎట్ల దీవించిండు? న్యాయమేనా?" అన్నాను. ఆయన నెమ్మదిగా, "దీవెనైతే దొరికిందమ్మా, కానీ అన్న ముందర ఏడుసార్లు సాగిలపడేదాక ఆయనకు నిమ్మళం దొరకలే" అన్నారు. ఇంటికొచ్చి ఆ అబద్ధపు కాగితం బీరువాలోంచి తీసి బ్యాగులో పెట్టుకున్నాను.

తమ్ముడికి ఫోన్ చేసి, ఊరికి పోదాం రా అన్నాను. ఎందుకని అడగలేదు, వచ్చాడు. బస్సులో ముందొకరం, వెనకొకరం కూర్చున్నాం.

రాజవ్వక్క చేట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. తల ఎత్తలేదు. "ఏంది టీచరమ్మా, తొవ్వ తప్పినవా?" అంది.

"నీ కోసమే వచ్చినక్కా."

"నా కోసమా, నా ఏలుముద్ర కోసమా? పేరు దప్ప ఏమియ్యలే అంటివి గద. గా పేరే కావాల్సొచ్చిందా గిప్పుడు?"

నా నాలుక చివరికి నాలుగు జవాబులు వచ్చాయి, నాలుగూ గట్టివే! లోపల ఒక్కటే ప్రార్థించాను: ప్రభువా, ఈ ఒక్కసారికి నన్ను ఓడిపోనియ్యి. తర్వాత బ్యాగులోంచి నేను రాసిన కాగితం తీసి, నా తప్పు నేనే ఒప్పుకోవాలని పైకి చదివాను. ఓదేలు ఉరఫ్ కొమురయ్య అనువారు ఒక్కరే, కొమురయ్య అను వేరొక మనిషి ఈ గ్రామంలో ఎన్నడూ లేడు.

ఆమె చేతిలో బీడీ ఆగిపోయింది. "ఉరఫ్ అంటే ఏంది?"

"ఇద్దరూ ఒకటే మనిషని."

"మరి మా నాయిన ఏడవోయిండే? నేనెవల బిడ్డను? చీకటికి భయపడ్డడు, గంతే గద, మనిషే లేకుంట పోయిండా?"

సహోదరులారా! ఒక్క మాటతో నేను ఒక తండ్రిని భూమ్మీద నుంచి చెరిపేశాను. ఆ కాగితం చింపి, ఆమె కాళ్ళు పట్టుకుని, "మా ఇంట్లో ఉన్న కాగితాలల్ల తమ్ముడు రాయించిన చావు కాగితమొక్కటే నిజమైందక్కా, దాన్నే నేను ఎక్కిరించిన" అన్నాను. వెనక నిలబడ్డ తమ్ముడు తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ, "నువ్వు ఓడిపోవుడు నేను పుట్టినంక గిదే చూసుడు" అన్నాడు. రాజవ్వక్క ఏడుస్తూనే నవ్వింది. "మా నాయిన ఉండె, పేరిచ్చిండు అని రాయి. ఏలుముద్ర గాదు, అరచేయే అద్దుత" అంది.

అద్భుతంగా మర్నాడే పని అయిపోయిందని నేను చెప్పను. వకీలు గారు తల పట్టుకున్నారు, కాగితాలు మొదటినుంచి మళ్ళీ రాయాల్సి వచ్చింది, నెలలు పట్టింది, కొనేవాళ్ళ ఓపికకు దేవునికే మహిమ! కానీ చివరికి రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తా పైకి చదివాడు: కొమురయ్య తన పేరును తమ్ముడైన ఓదేలుకు ఇచ్చెను, ఓదేలు ఆ పేరున పని చేసి ఈ ఇల్లు కట్టెను. రాజవ్వక్క కళ్ళు మూసుకుని విన్నది, తర్వాత వేలు సిరాలో ముంచింది. ఇల్లు అమ్ముడైంది, తమ్ముడు నాకు దక్కాడు. నా కోపం నుంచి, గెలవాలనే ఆ దురలవాటు నుంచి దేవుడు నన్ను విడిపించాడు, ఇప్పటికీ అప్పుడప్పుడు జారుతుంటాను, ప్రార్థించండి.

మీలో ఏ ఇంట్లోనైనా అన్నదమ్ముల మధ్య, అక్కచెల్లెళ్ళ మధ్య ఒక గోడో, గుంటెడు జాగానో అడ్డంగా ఉంటే, నేను చేసినట్టు దేవుణ్ణి మీ తరఫు వకీలుగా పిలవకండి, ఆయన దగ్గరికి ఓడిపోయి వెళ్ళండి. మనమేమైనా సొంత పేరు మీద పరలోకపు తండ్రి ముందుకు పోతున్నామా? ప్రతి ప్రార్థన చివర ఎవరి నామమున అడుగుతున్నామో ఒక్కసారి ఆలోచించండి! పేరిచ్చినవాడు ఉన్నాడని ఒప్పుకోండి, చాలు. ఆయన ఎవరినీ గడప బయట నిలబెట్టడు.