హోమ్ ప్లేట్ దగ్గర నా ఎడమకాలు

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం మా పీఈటీ మేడం ఆడపిల్లలందర్నీ వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి మొహానికి మూరెడు దూరంలో బ్యాట్ ఊపారు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. ధైర్యం వల్ల కాదు, ఆవిడ ఏం చేస్తున్నారో చూద్దామన్న కుతూహలం కొద్దీ. ఆ పూటే నన్ను సాఫ్ట్‌బాల్ జట్టుకి క్యాచర్‌ని చేసేశారు.

మాది నిడదవోలు. నాన్నది స్టేషన్ రోడ్డులో కిరాణా కొట్టు. అమ్మ ఇంట్లో జాకెట్లు కుట్టేది. సాఫ్ట్‌బాల్ అనగానే అమ్మ మెత్తటి బంతి అనుకుని నిశ్చింతగా ఉంది. మర్నాడు తెచ్చి చేతిలో పెడితే గోటితో నొక్కి చూసి, దీనికి ఆ పేరు ఎవరు పెట్టారే అని అడిగింది. బడిలో క్యాచర్ సామాను ఒక్క సెట్టే ఉండేది. ముఖానికి ఇనప చువ్వల మాస్కు, ఛాతీకి దిండులాంటి కవచం, మోకాళ్ల నుంచి పాదాల దాకా గార్డులు. కవచం పట్టీలు తెగిపోయి ఉంటే అమ్మ నా పాత స్కూలు బ్యాగు పట్టీలు కోసి, జాకెట్లు కుట్టే మిషను మీదే రెండు వరసల కుట్టు వేసి ఇచ్చింది. రెండు సూదులు విరిగాయి.

ఆట తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పాలి. బంతిని కొట్టిన అమ్మాయి మైదానం మూలల్లో ఉండే మూడు బేసులు చుట్టి, బయల్దేరిన చోటికే తిరిగి రావాలి. ఆ చోటు పేరు హోమ్ ప్లేట్. నేలలో పరిచిన ఐదు మూలల తెల్ల రబ్బరు పలక అది. దాన్ని తాకితే ఒక పరుగు. ఆ పలక వెనక గొంతుక్కూర్చునేది క్యాచర్. పరిగెత్తుకొచ్చే అమ్మాయి పలక తాకేలోపు క్యాచర్ బంతి అందుకుని ఆమెకి తాకిస్తే ఆమె అవుట్.

నాకు మొదట్లో ఒక దురలవాటు ఉండేది. రన్నర్ వస్తోందంటే చాలు, బంతి ఇంకా ఎక్కడో ఉండగానే పలకకి అడ్డంగా గోడలా నిలబడిపోయేదాన్ని. గట్టు మీద కూర్చున్న పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. మేడం ఎన్నిసార్లు వద్దన్నా ఆ చప్పట్లే నాకు ఎక్కువగా వినిపించేవి. ఒకరోజు ప్రాక్టీసులో మా జట్టులోకెల్లా బలమైన అమ్మాయి మూడో బేసు నుంచి వచ్చింది. బంతి రాలేదు. నేను కదల్లేదు. ఆమె ఆగలేకపోయింది. ఇద్దరం కలిసి మట్టిలో దొర్లాం. లేచేసరికి నా కుడి భుజం పైకి లేవడం లేదు.

ఎముక విరగలేదని డాక్టరు గారు చెప్పారు గానీ రెండు వారాలు చెయ్యి మెడకి వేలాడదీశారు. ఇంక ఆట మాన్పించేస్తారని అమ్మతో సహా అందరూ అనుకున్నారు. మర్నాడు నాన్న కొట్టు మూసి బడికి వచ్చారు. గొడవ పడతారేమోనని నేను తలుపు పక్కనే నిలబడ్డాను. నాన్న కుర్చీలో కూడా కూర్చోకుండా అడిగారు.

"మా అమ్మాయి అక్కడ నిలబడొచ్చా అండి? రూలు ఏంటండి?"

ఆ ప్రశ్న వేసిన తండ్రి అంతకుముందు ఎవరూ రాలేదని మేడం చాలా ఏళ్ల తర్వాత నాతో అన్నారు. ఆరోజు మాత్రం బయటికి తీసుకెళ్లి, నేల మీద పుల్లతో గీసి చూపించారు. బంతి చేతిలో ఉంటే క్యాచర్ ఆ దారిలో నిలబడొచ్చు. అప్పుడు రన్నర్ జారుతూ రావాలి, లేదా పక్కనుంచి రావాలి. కావాలని గుద్దితే ఆమే అవుట్. బంతి లేనప్పుడు మాత్రం ఆ దారి రన్నర్‌ది. క్యాచర్ అడ్డం ఉంటే దాన్ని అబ్‌స్ట్రక్షన్ అంటారు, రన్నర్‌కి అంపైర్ ఆ బేసు ఇచ్చేస్తారు. అంతా విని నాన్న, అయితే మొన్న తప్పు మా అమ్మాయిదేనండి, అని ఒప్పుకుని, రూల్సు కాగితాలు అడిగి తీసుకున్నారు.

అవి ఇంగ్లిషులో ఉన్నాయి. కొట్టుకి వచ్చే రైల్వే ఆయన చేత, బ్యాంకు ఆవిడ చేత రోజుకో పేరా చదివించుకున్నారు. నా భుజం కుదుటపడ్డాక డాబా మీద ముగ్గుపిండితో ఐదు మూలల పలక గీశారు. అమ్మ నీళ్ల ట్యాంకు దగ్గర నిలబడి టెన్నిసు బంతి విసిరేది. నాన్న లుంగీ ఎగ్గట్టి, బట్టలారేసే తీగ కింద నుంచి వంగి పరిగెత్తుకుంటూ వచ్చేవారు. నేను దారి వదిలి నిలబడాలి, బంతి అందాకే పలక మీదకి జరగాలి. ముందే జరిగితే ఆయన ఠక్కున ఆగిపోయి, "బంతేది తల్లీ?" అనేవారు. ఎదురింటి మామ్మగారు కిటికీలోంచి చూసి, మీ ఆయనకి ఏమైందని అమ్మని మెల్లగా అడిగిందట.

పదో తరగతిలో రాజమండ్రిలో జరిగిన పోటీల్లో ఫైనల్‌కి వచ్చాం. ఎదుటిది రామచంద్రపురం జట్టు. చివరి ఇన్నింగ్స్‌లో స్కోరు సమానం, బ్యాటింగు వాళ్లది. రెండో బేసు మీద సన్నగా, పొడుగ్గా ఉన్న ఒక అమ్మాయి ఉంది. బంతి ఎడమ ఫీల్డులోకి వెళ్లింది. ఆ అమ్మాయి మూడో బేసు దాటి నా మీదకే వస్తోంది. బంతి కూడా వస్తోంది. నేను బంతినే చూస్తున్నాను. నా ఎడమకాలు ఆమె దారిలోకి జరిగిన సంగతే గమనించలేదు. ఆమె పక్కకి తిరిగింది, తడబడింది, పలక తాకలేకపోయింది. అప్పుడు బంతి నా గ్లవ్‌లో పడింది. తిరిగి ఆమె వీపుకి తాకించి, బంతి పైకెత్తి చూపించాను. మా వాళ్లంతా కేకలు వేస్తున్నారు.

అంపైర్ గారి ఎడమచెయ్యి పక్కకి చాచి ఉంది. అంటే నేను బంతి అందుకోకముందే ఆయన తప్పు పట్టేశారు. అబ్‌స్ట్రక్షన్ అన్నారు. పరుగు వాళ్లకి ఇచ్చారు. మ్యాచ్ అయిపోయింది.

మా పిల్లల తల్లిదండ్రులు ఆయన చుట్టూ మూగారు. ఎవరో నాన్న చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, రూల్సన్నీ మీకు తెలుసు కదండీ, మీరు చెప్పండి, అన్నారు. నేను మాస్కు తీసి నాన్న వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు.

"కాలు దారిలోనే ఉందండి. బంతి అప్పటికి రాలేదు," అన్నారు.

నాన్న అక్కడితో ఆగలేదు. షోడా బండి దగ్గర ఐసు ముక్కలు అడిగి, తన తువ్వాల్లో కట్టి, మడమ పట్టుకుని కూర్చున్న ఆ పొడుగమ్మాయికి ఇచ్చి వచ్చారు. నా ఒళ్లు మండిపోయింది. ఓడిపోయినందుకు కాదు. కన్నతండ్రి అయ్యుండి నా పక్కన నిలబడలేదని.

తిరిగొచ్చేటప్పుడు ప్యాసింజరు బండిలో నాన్న నాకు కిటికీ సీటు ఇచ్చి ఎదురుగా కూర్చున్నారు. కొవ్వూరు దాటాక, అందరి ముందూ అలా ఎందుకన్నావని అడిగాను. ఏడవకూడదనుకున్నాను గానీ ఏడ్చాను.

"ఆ పిల్ల తిరక్కపోతే నీ భుజమే కదమ్మా మళ్లీ," అన్నారు. మళ్లీ ఆయనే, "నీకు తగలకూడదని తన కాలు మెలిపెట్టుకుంది. మనం అబద్ధమాడితే, ఈసారి తిరగదు," అన్నారు.

ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. కానీ ఆ రాత్రి భోజనాల దగ్గర, ఆవకాయ జాడీ ఆయన వైపు జరపమని అమ్మ అంటే జరిపాను. అదే రాజీ అనుకున్నారాయన.

మరుసటి ఏడాది, ఇంటర్ మొదటి సంవత్సరంలో, నన్ను రాష్ట్ర జట్టు ఎంపిక శిబిరానికి పిలిచారు. శిబిరం భీమవరంలో. ఆ పొడుగమ్మాయికీ పిలుపొచ్చింది. ఆమె నిడదవోలులో బండి మారాలని తెలిసి నాన్న స్వయంగా స్టేషనుకి వెళ్లి, భోజనానికి ఇంటికి తీసుకొచ్చారు. అమ్మ పనసపొట్టు కూర చేసింది. ఆమె మూడుసార్లు వడ్డించుకుంది. నాన్న ఆ పూట కొట్టుకి వెళ్లలేదు. ఆమె ఎదురుగా కూర్చుని, ఆరోజు మా అమ్మాయికి తగలకుండా తిరిగావు, ఆ మేలు మర్చిపోలేదమ్మా, అన్నారు.

ఆమె ముద్ద మింగి, ఇబ్బందిగా నా వైపు చూసింది.

"అదేం లేదండి అంకుల్. ఆ మాస్కులో మీ అమ్మాయి మొహం చూసి భయమేసిందండి. అందుకే తిరిగానండి."

అమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను నాన్నని చూశాను. ఏడాదిగా మోసిన నమ్మకం ఆయన మొహంలో ఒక్క క్షణం తడబడింది. తర్వాత గరిటె తీసుకుని ఆమె విస్తట్లో ఇంకాస్త కూర వేశారు.

"పోనీలే అమ్మా, తిరిగావు కదా," అన్నారు.

సాయంత్రం ఇద్దరం ఒకే బండిలో భీమవరం వెళ్లాం. నా క్యాచర్ సామాను సంచి బరువుగా ఉంటే, ఒక పక్క పట్టీ తను పట్టుకుంది.