మంచుబండికి ఆయుధపూజ

ఆ రోజుల్లో నాకు మంచు అంటే ఫ్రిజ్ పైఅరలో గడ్డకట్టేది ఒక్కటే తెలుసు. రాజోలు దగ్గర పుట్టి, ఇరవై రెండేళ్ళకి మస్కట్ వచ్చి అజైబాలో ఇంటిపనికి చేరిన పిల్లకి అంతకంటే ఎక్కువ మంచుతో పనేముంటుంది? అలాంటి నాకు దొరికిన మేడం, మంచు మీద జారడంలో జర్మనీ దేశానికే ఛాంపియన్. ఆ ఆట పేరు ల్యూజ్. చిన్న బండి మీద వెల్లకిలా పడుకుని, కాళ్ళు ముందుకి చాపి, మంచుతో కట్టిన కాలవలాంటి దారిలో రైలుకంటే వేగంగా జారిపోవాలి. హాల్లో అరనిండా ఆవిడ కప్పులే. వాటిని తుడిచినప్పుడల్లా, పడుకుని ఇన్ని గెలిచిందా అని కుళ్ళుకునేదాన్ని. (పగటిపూట నడుం వాల్చినందుకు మా అమ్మ చేత నేను తిట్లు తప్ప ఏమీ గెలవలేదు.)

అది నవ్వులాట కాదని తర్వాత తెలిసింది. మూడేళ్ళు వరసగా గెలిచాక, ఒక మలుపులో బండి తిరగబడి మేడం మెడ దెబ్బతింది. ఆట ఆగిపోయింది. సారుకి మస్కట్‌లో ఉద్యోగం వస్తే ఆవిడ కూడా వచ్చింది గానీ మనసు అక్కడే ఉండిపోయింది. ఇంకొక్క శీతాకాలం, ఒక్కటంటే ఒక్కటి, మళ్ళీ జట్టులో చేరి జారాలని ఆవిడ పట్టుదల. బయట ఎండ మాడ్చేస్తుంటే హాల్లో చాప పరుచుకుని పడుకుని, కళ్ళు మూసుకుని, భుజాలు అటూ ఇటూ కదిపేది. దారంతా మనసులోనే జారడం అన్నమాట. మొదటిసారి చూసినరోజు పూనకం వచ్చిందనుకుని, వేపాకు ఎక్కడ దొరుకుతుందా అని వీధిలోకి పరిగెత్తాను. ఆ తర్వాత సెకన్లు లెక్కపెట్టే గడియారం నొక్కే డ్యూటీ నాకే ఇచ్చింది. ఆవిడ "గో" అనగానే నొక్కాలి, చెయ్యెత్తగానే ఆపాలి. ఎప్పుడు చూసినా నలభై మూడు సెకన్లే.

మేడం వెంట తెచ్చుకున్న బండి కింద, మంచు మీద జారడానికి, రెండు ఉక్కు పట్టీలుండేవి. వాటిని మాత్రం ఎవర్నీ ముట్టనిచ్చేది కాదు. రోజూ సాయంత్రం గరుకు కాగితంతో, ఆ తర్వాత ఇంకా సన్నని కాగితంతో, రుద్దీ రుద్దీ అద్దంలా చేసేది. ఆ బండి ఉన్న గదిలో ఏసీ ఆగేదే కాదు. (నా గదిలో ఏసీ సంగతి ఇప్పుడెందుకు లెండి.)

దసరా వచ్చింది. ఇంకో రెండు వారాల్లో మేడం జర్మనీ వెళ్ళి, జట్టు ఎంపికలో జారి చూపించాలి. పండగ ముందురోజు సారూ మేడమూ మూడు రోజులకని కొండల మీదికి వెళ్ళారు. మా ఇంట్లో దసరాకి నాన్న సైకిల్ దగ్గర్నుంచి కత్తిపీట దాకా అన్నీ కడిగి బొట్టు పెట్టేవాళ్ళం. మరి మేడం బతుకంతా ఆ బండి మీద ఉంటే, దానికి పూజ చేసే దిక్కే లేదాయె! కడప నుంచి వచ్చిన డ్రైవర్ భాయ్‌ని హమ్రియా కొట్లకి పంపించి పసుపు, కుంకుమ, నిమ్మకాయలు తెప్పించాను.

"ఎవరి బండికి సెల్లే? సారు కారుకా?" అన్నాడు.

"మేడం బండికి భాయ్."

"దాన్ని ముట్టొద్దని సెప్పినారు గదా!"

"నేనేవన్నా ఆడుకోడానికి ముడతన్నానా? దేవుడి పని. దానికీ అడగాలేంటి?"

ఇత్తడి చెంబుల్ని తోమినట్టే ఆ పట్టీల్ని చింతపండూ ఉప్పూ వేసి తోమాను. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, ఒక్కో పట్టీ కింద నిమ్మచెక్కలు పెట్టాను. మేడం గెలవాలి తల్లీ అని మనసారా మొక్కుకున్నాను. పూజలో పెట్టినదాన్ని కదపకూడదని వాళ్ళొచ్చేదాకా అలాగే ఉంచేశాను.

తిరిగొచ్చిన మేడం ఆ గది గుమ్మంలో ఆగిపోయింది. తర్వాత నేలమీద కూర్చుని, పసుపు తుడిచి, పట్టీ వెంట వేలు పెట్టి జరిపింది. నిమ్మరసం తగిలినచోటల్లా గోధుమరంగు మచ్చలు, చిన్న చిన్న గుంటలు. పొమ్మనకముందే నేనే ఏడుస్తూ పెట్టె సర్దుకున్నాను.

మేడం భాయ్‌ని పిలిచి, ఎందుకిలా చేసిందని అడిగింది. వాడు ఇంగ్లీషులో ఏదో చెప్పి, నావైపు తిరిగి, "మేడం గెలవాలని నువ్వు పూజ చేసినావని సెప్పినా. అంతకు మించి నాకేం తోసలేదు సెల్లే" అన్నాడు. మేడం పకపకా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది. తర్వాత లోపలికెళ్ళి రెండు గరుకు కాగితాలు తెచ్చి, ఒకటి నా చేతిలో పెట్టింది. పన్నెండు రోజులు ఇద్దరం చెరో పట్టీ ముందేసుకుని రుద్దాం. ఎవర్నీ ముట్టనివ్వని వస్తువు నాకప్పుడు ముట్టడానికి దొరికింది, ఏం లాభం?

జర్మనీ వెళ్ళిన మేడంకి జట్టులో చోటు రాలేదు. రెప్పపాటులో సగం కూడా లేని తేడాతో పోయిందట. తిరిగొచ్చిన రోజే మేడం భాయ్ చేత నాకు చెప్పించింది: "ఉక్కు బాగానే ఉందంట. మెడే సహకరించలేదంట. నువ్వు మనసులో పెట్టుకోవద్దన్యాది." నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. (ఇరవై రెండేళ్ళకి ఎవరేం చెప్పినా నమ్మేస్తాం.)

మర్నాడు మేడం హాల్లో చాప పరిచి గడియారం నా చేతికిచ్చింది. "గో" అంది. నొక్కాను. భుజాలు కదిలాయి, ఒక మలుపు, ఇంకో మలుపు. నలభై మూడు దాటింది, యాభై దాటింది, చెయ్యి లేవలేదు. మూసిన కళ్ళ పక్కనుంచి నీళ్ళు చెవుల్లోకి జారుతున్నాయి. నిమిషం దాటాక నేనే ఆపేశాను.

"హౌ మచ్?" అంది కళ్ళు తెరవకుండా.

"ఫార్టీ త్రీ, మేడం" అన్నాను.

ఆ తర్వాత ఆవిడ నన్ను గడియారం పట్టుకోమని ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు రాజోల్లో నాదొక టిఫిన్ కొట్టు. ఏటా దసరాకి గ్రైండర్ కడిగి బొట్టు పెడతాను. నిమ్మకాయ మాత్రం ఉక్కుకి తగలకుండా జానెడు దూరంలో పెడతాను. అదేం పూజ అని మా ఆయన నవ్వుతాడు, నేనూ నవ్వుతాను. మెడ సంగతి నిజమో, నా మీద జాలితో చెప్పిందో నాకిప్పటికీ తెలీదు. నా నలభై మూడు మాత్రం అబద్ధమని ఆవిడకి ఆ రోజే తెలుసు.