మాకు ఇంటర్వ్యూ నేర్పిన ఆయమ్మ

ఆయమ్మ పోయిందన్న కబురు నాకు ఫోనులో తెలిసింది. కుప్పంలో నేను పనిచేసే ఆసుపత్రిలో అది డ్యూటీ మారే వేళ. తర్వాత వచ్చిన సిస్టర్‌కు ఒక్కొక్క మంచం చూపించి, ఎవరికి ఏ మందు ఇచ్చానో చెబుతున్నాను. జేబులో ఫోను రెండు మూడుసార్లు అదిరింది. చివరి మంచం అప్పగించాక తీసి చూశాను. మా నర్సింగ్ బ్యాచ్ గ్రూపులో ఎవరో పెట్టారు: "మన ఆయమ్మ పుంగనూరులో పోయింది. ఈ పొద్దే ఎత్తేసినారంట."

దాని కింద వరసగా దండాల బొమ్మలు. మధ్య మధ్యలో మాటలు. "మనకు ఇంటర్వ్యూ నేర్పింది ఆమే." "ఆమె లేకుంటే నాకు ఉద్యోగమే లేదు." నేనూ ఒక దండం బొమ్మ పెట్టి ఫోను జేబులో వేసుకున్నాను. చేతులు కడుక్కోవడానికి వెళ్లి, కొళాయి తిప్పి, కడుక్కోకుండానే కట్టేశాను. ఆ మాటలు రాసినవాళ్లలో ముగ్గురు, నాలుగోదాన్ని నేను, ఒకప్పుడు ఒక గదిలో ఆమె ఎదుటే ఆమె మాకు ఏమీ నేర్పలేదని చెప్పినవాళ్లం. ముందుగా చెప్పింది నేను.

ఆమె మదనపల్లెలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయా. ఆఫీసు ఉన్న పై అంతస్తు ఆమె పని. ఊడ్చడం, ఫైళ్లు ఒక గది నుంచి ఇంకో గదికి మోయడం, మీటింగులకు టీ ఇవ్వడం. కొత్త నర్సులను తీసుకునే రోజు మాత్రం పొద్దున నుంచి సాయంత్రం దాకా ఇంటర్వ్యూ గదిలోనే గోడకు ఆనుకుని నిలబడేది. అట్లా ఇరవై ఏళ్లకు పైగా నిలబడింది. చదువు రాదు, సంతకం కూడా రాదు. కానీ ఎవరు ఎట్లా లోపలికి వచ్చారు, ఏమడిగితే ఏం చెప్పారు, ఎవరిని తీసుకున్నారు, ఎవరిని పంపేశారు, అన్నీ ఆమెకు గుర్తు.

మాది బి.కొత్తకోట దగ్గర పల్లె. అమ్మానాన్నలు సెనక్కాయల పొలాల్లో కూలికి పోయేవాళ్లు. నర్సింగ్ పాసయ్యాను, కౌన్సిల్ రిజిస్ట్రేషనూ వచ్చింది. కానీ ఒక ఆఫీసు గదిలో పెద్దవాళ్ల ఎదురుగా కుర్చీలో కూర్చుని మాట్లాడడం మా ఇంట్లో అప్పటికి ఎవరూ చేసిన పని కాదు. మొదటి ఇంటర్వ్యూ పలమనేరులో. నా పేరు చెప్పి, ఊరి పేరు దగ్గర ఆగిపోయాను. రెండోది మదనపల్లెలోనే ఒక నర్సింగ్ హోములో. చదువుకున్నదంతా గొంతు దాకా వచ్చి నిలిచిపోయింది. మూడో ప్రయత్నంగా ఆయమ్మ ఉన్న ఆసుపత్రికి దరఖాస్తు ఇవ్వడానికి వచ్చి, మెట్ల దగ్గర నిలబడి ఉంటే వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఫైలును యాల అట్ల పట్టుకోనుండావు పాపా? సంటిబిడ్డను ఎత్తుకున్నట్ల?"

తిరిగి చూస్తే చేతిలో చీపురుతో ఆమె. నవ్వాను. ఆమె నవ్వలేదు. ఫైలు తీసుకుని నా ఎడమ చేతి కిందికి జరిపి, "ఇట్ల. ఇప్పుడు కుడి చెయ్యి ఖాళీగా ఉండాది. తలుపు తట్టాలన్నా, కాగితం ఇయ్యాలన్నా అక్కరొస్తాది" అంది. తర్వాత అడిగింది, "సాయంత్రం నాలుక్కి నా పని అయిపోతాది. వస్తావా?"

వెళ్లాను. దుప్పట్ల గది పక్కన ఒక సిమెంటు అరుగు ఉండేది. అక్కడ అప్పటికే నాలాంటివాళ్లు ముగ్గురు ఉన్నారు. మా బ్యాచ్ వాళ్లే. ఆయమ్మ అరుగు మీద కూర్చునేది. మేము ఒక్కొక్కరం దూరం నుంచి నడిచి వచ్చి, లేని తలుపు తట్టి, లోపలికి రావచ్చా అని అడిగి, ఆమె తల ఊపాక వచ్చి నిలబడాలి. "టెల్ మీ అబౌట్ యువర్సెల్ఫ్" అని ఆమె అడిగే తీరు మా ప్రిన్సిపాల్ కన్నా బాగుండేది. ఆమెకు వచ్చిన ఇంగ్లీషు అంతా ఆ గదిలో విన్నదే. అందుకని అన్నీ ప్రశ్నలే. ఒక్క జవాబు కూడా ఇంగ్లీషులో చెప్పలేదు.

"ఊరు చిన్నదని సిగ్గుపడాకు. మీ నాయన కూలికి పోతాడని చెప్పు. బరువు ఎత్తే ఇంటి పిల్లని తెలుస్తాది వాళ్లకు."

"కాగితాలు వరసగా పెట్టుకో. వాళ్లు అడిగినాక ఎతికితే, కాగితం చూడరు, ఎతికే చేతులను చూస్తారు."

ఇంకో మాట పదే పదే చెప్పేది. "తెలీనిది అడిగితే తెలీదని గట్టిగా చెప్పు. చేతులు కదపాకు, కిందికి చూడాకు. ఈ పాప అబద్ధం చెప్పదు అనుకుంటారు."

ఇంటర్వ్యూలో ఏం అడుగుతారో ముందుగా చెప్పమని నేనే ఒకసారి బతిమాలాను. "రేపు ఏమడుగుతారో నాకేం తెలుసు పాపా? నిన్న ఏమడిగినారో తెలుసు, అంతే" అంది. ఆ మాట నిజం. ఆమె ఏ కాగితమూ చూసి చెప్పలేదు, చూసినా చదవలేదు. ఇది నాకు బాగా తెలుసు. అందుకే తర్వాత జరిగింది నన్ను వదలడం లేదు.

ఆమె గాజులకు ఎప్పుడూ నాలుగైదు పిన్నీసులు తగిలించి ఉండేవి. ఇంటర్వ్యూ రోజు గది బయట కూర్చున్న పిల్లల దగ్గరికి వచ్చి, ఎవరి చున్నీ జారుతుందో చూసి, మాట్లాడకుండా పిన్నీసు పెట్టి పోయేది. మా ఇంటర్వ్యూ రోజు నాకూ పెట్టింది. లోపల ఒక ప్రశ్నకు నాకు జవాబు తెలియలేదు. తెలియదని గట్టిగా చెప్పాను. ఎదుట కూర్చున్న సూపరింటెండెంట్ మేడమ్ తల ఎత్తి నా వైపు చూసి, ఏదో రాసుకున్నారు. మేము నలుగురమూ ఎంపికయ్యాం.

నెల తిరగక ముందే గొడవ వచ్చింది. ఎంపిక కాని ఒక అమ్మాయి తరఫు పెద్దమనిషి వచ్చి, ఇక్కడ ప్రశ్నలు ముందే బయటికి పోతున్నాయని, ఒక ఆయా దుప్పట్ల గది దగ్గర పిల్లలను కూర్చోబెట్టి చెబుతోందని ఫిర్యాదు చేశాడు. మమ్మల్ని నలుగురినీ ఆఫీసుకు రమ్మన్నారు. నేను ముందు వెళ్లాను. మేనేజరు సారు, సూపరింటెండెంట్ మేడమ్ కూర్చుని ఉన్నారు. ఆయమ్మ బీరువా పక్కన నిలబడి ఉంది.

"ఈమె నీకు ఇంటర్వ్యూ గురించి ఏమైనా చెప్పిందా?" సారు అడిగారు.

ఎట్లా కూర్చోవాలో, ఎట్లా మాట్లాడాలో నేర్పింది సార్, ప్రశ్నలు చెప్పలేదు. ఇంతే చెప్పవలసింది. నేను ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాను. నేర్పిందని ఒప్పుకుంటే నా ఉద్యోగం కూడా అనుమానంలో పడుతుందనిపించింది. నాన్న ఊళ్లో అందరికీ చెప్పేశాడు. మొదటి జీతం ఇంకా చేతికి రాలేదు.

"తెలియదు సార్. ఆమెతో నాకు పరిచయం లేదు. పై అంతస్తులో చూడడమే" అన్నాను.

గట్టిగా చెప్పాను. చేతులు కదపలేదు. కిందికి చూడలేదు. సారు నమ్మారు. ఆమె నేర్పినట్టే చెప్పాను కాబట్టి నమ్మారు. ఆయమ్మ ఒక్కసారి నా చేతుల వైపు చూసింది. ముఖం వైపు చూడలేదు.

బయటికి వచ్చాక ఆ ముగ్గురూ చుట్టుముట్టి, "ఏం చెప్పినావే?" అని అడిగారు. "తెలీదని చెప్పినా" అన్నాను. వాళ్లూ అదే చెప్పారు. అరుగు దగ్గర కూర్చోబెట్టిన మాట ఆయమ్మే ఒప్పుకుందట. మరి ఎవరికి నేర్పావు అని అడిగితే మా పేర్లు చెప్పలేదట. ఇంక ఆమె తప్పు చేసిందనే అనుకున్నారు. పై అంతస్తు నుంచి తీసి, వెనక రేకుల షెడ్డులో బట్టలు ఉతికే చోటికి మార్చారు.

తడిసిన దుప్పట్లు ఎంత బరువో మీలో ఆసుపత్రిలో పనిచేసినవాళ్లకు తెలుసు. అప్పటికే ఆమెకు మోకాళ్ల నొప్పులు. నేను ఆ షెడ్డు వైపు పోవడం మానేశాను. క్యాంటీనుకు అటు నుంచి దగ్గరి దారి ఉన్నా చుట్టూ తిరిగి వెళ్లేదాన్ని. నా ఉద్యోగం ఖాయమైన రోజు వార్డులో అందరికీ మైసూరుపాకు పంచి, ఆమె వంతు ఇంకొక ఆయాతో పంపించాను. కొన్ని రోజులకు గేటు దగ్గర ఎదురుపడింది. తప్పించుకునే దారి లేదు. "మైసూరుపాకు బాగుండింది పాపా. అన్నం తింటివా?" అంది. తిన్నానని చెప్పి వచ్చేశాను. అప్పటికి తినలేదు.

ఏడాదికి ఆమె పని మానేసి పుంగనూరులో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. నాకు చెప్పి వెళ్లలేదు. చెప్పాల్సిన అవసరం ఏముంది.

ఇక్కడితో అయిపోయి ఉంటే నా తప్పు ఒక్కటిగానే ఉండేది. ఇంకో రెండేళ్లకు కుప్పంలో పెద్ద ఆసుపత్రికి దరఖాస్తు చేశాను. ఇంటర్వ్యూ తేదీ వచ్చింది. మళ్లీ పాత భయం. నిద్ర లేదు, అన్నం సహించదు. ఎవరినడగాలి అనుకుంటే ఒక్క ముఖమే గుర్తొచ్చింది. బస్సెక్కి పుంగనూరు వెళ్లాను. క్షమించమని అడగడానికి కాదు. ఇంటర్వ్యూ నేర్పించమని అడగడానికి.

ఇంటి ముందు నీడలో కూర్చుని చింతపండు కొడుతోంది. ఆ వీధిలో ఆడవాళ్లందరిదీ అదే పని. చిన్న సుత్తితో కాయ మీద కొట్టి, గింజ తీసి పక్కన వేస్తారు. నన్ను చూసి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఇంటర్వ్యూ వచ్చిందా?" అంది. వేరే మాట ఏదీ అనలేదు.

ఎదురుగా కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టింది. ఒక ప్రశ్న, నాలుగు సుత్తి దెబ్బలు, మళ్లీ ఒక ప్రశ్న. ఇప్పుడున్న పని ఎందుకు వదిలేస్తున్నావు, ఒంటరిగా ఎంతమంది రోగులను చూడగలవు, డాక్టరు కోప్పడితే ఏం చేస్తావు. జవాబులు చెబుతూ పోయాను. అప్పుడు సుత్తి ఆపింది.

"నువ్వు పనిలో ఏమన్నా తప్పు చేసినావా? చేసుంటే అదేందో చెప్పు."

ఇది ఇంటర్వ్యూలలో నిజంగా అడిగే ప్రశ్నే. మా బ్యాచ్‌లో చాలామందిని అడిగారు. నేను దానికి జవాబు తయారు చేసుకునే వెళ్లాను. "ఒకసారి ఒక రోగి జ్వరం చార్టులో రాయడం ఆలస్యం చేశాను. గుర్తించి వెంటనే ఇన్‌చార్జి సిస్టర్‌కు చెప్పాను. అప్పటి నుంచి చూసిన వెంటనే రాయడం అలవాటు చేసుకున్నాను" అన్నాను. తడబడకుండా, ఆమె కళ్లలోకి చూస్తూ.

ఆమె ఒళ్లో పడిన పెంకులు దులుపుకుంది. "బాగా చెప్పినావు" అని మళ్లీ సుత్తి అందుకుంది.

ఆ ప్రశ్న ఇంటర్వ్యూ వాళ్ల తరఫున అడిగిందో, తన తరఫున అడిగిందో నాకు ఈ రోజుకీ తెలియదు. కుప్పంలో అదే ప్రశ్న అడిగారు. అదే జవాబు చెప్పాను. ఉద్యోగం వచ్చింది. వచ్చిందని ఆమెకు ఫోను చేసి చెప్పాను. ఈసారి కలిసినప్పుడు ఆ ఆఫీసు గది మాట తీద్దామనుకున్నాను. పండగకు అనుకున్నాను, సెలవు దొరికినప్పుడు అనుకున్నాను. కుప్పం నుంచి పుంగనూరు ఎంత దూరమని. పలమనేరులో దిగి ఇంకో బస్సెక్కితే చాలు.

మెసేజ్ వచ్చిన మూడో రోజు వెళ్లాను. ఆమె కూతురు ఒక్కతే వాకిట్లో చింతపండు కొడుతోంది. "పని ఆపితే సరుకిచ్చినోళ్లు ఒప్పుకోరు సిస్టర్" అని తనే చెప్పింది, నేనేదో అనుకుంటానని. మూడు రోజులు జ్వరమొచ్చిందట, మాత్రలతో తగ్గుతుందనుకున్నారట. నాకొక్క ఫోను చేసి ఉంటే అని నోటిదాకా వచ్చింది. ఏ హక్కుతో అనేది.

"మీ గురించి చెప్తాండేది మా అమ్మ. కుప్పంలో మా పాప ఉండాది, పెద్దాసుపత్రిలో అని. మోకాళ్లు బాగలేక ఆడ పని మానేసి వచ్చింది గానీ, ఆ నర్సు పిల్లోళ్లంటే శానా ఇష్టం."

అప్పుడు చెప్పాను. ఆఫీసు గది, బీరువా పక్కన ఆమె నిలబడడం, నేనన్న మాట, తర్వాత రేకుల షెడ్డు. చెబుతూ చాలాసార్లు కిందికి చూశాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కూతురు సుత్తి పక్కన పెట్టి చివరిదాకా విన్నది. కోప్పడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను.

"ఆ పొద్దు భయపడినారు, సరే" అంది. "ఇంటర్వ్యూకని వచ్చినారే, అప్పుడు ఈడనే కూర్చోనుండె గదా మా అమ్మ. అప్పుడు చెప్పుంటే సరిపోతాండె. ఇప్పుడు నాకు చెప్పి మీరు తేలికైపోతే, నేనేం చేసేది సిస్టర్?"

 ఆమె లోపలికి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చి, "బస్సుకు టైమవుతాది మీకు" అంది.

పుంగనూరు బస్టాండులో కూర్చుని, మా బ్యాచ్ గ్రూపులో ఆ రోజు ఆఫీసు గదిలో మేము ఏం చేశామో అంతా రాశాను. మిగతా ముగ్గురి పేర్లు రాయలేదు, నా పేరే రాసుకున్నాను. చాలామంది చూసినట్టు కనబడింది. ఎవరూ ఏమీ అనలేదు. ఒకరు మాత్రం ఫోను చేసి, "పోయినామె పోయింది. ఇప్పుడు యాల అదంతా" అన్నారు. ఎందుకో చెప్పడం నాకు చేతకాలేదు. మీకు కూడా సరిగ్గా చెప్పగలిగానో లేదో. ఆమె ఉన్నప్పుడు ఆ గదిలో రెండు వాక్యాలు చెబితే సరిపోయేది. ఇప్పుడు ఇన్ని పేజీలు రాసినా చాలడం లేదు.

ఆ ఫోను పెట్టేసేసరికి పలమనేరు బస్సు ఇంకా రాలేదు. ఎదురుగా మదనపల్లె బస్సు ఆగి ఉంది. కిటికీ పక్కన ఒక అమ్మాయి, కొత్తగా పాసై ఇంటర్వ్యూకు పోతున్న పిల్లలా ఉంది, ఇస్త్రీ చేసిన తెల్లకోటు మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కళ్లు మూసుకుని తనలో తను ఏదో చెప్పుకుంటోంది. మధ్యలో ఎక్కడో తప్పినట్టు ఆగి, తల అడ్డంగా ఊపి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతోంది. లేచి బస్సు దగ్గరికి రెండడుగులు వేశాను. డ్రైవరు బండి కదిలించాడు. అద్దం అవతల ఆ అమ్మాయి పెదవులు కదులుతూనే ఉన్నాయి. మాట మాత్రం నాకు వినబడలేదు.