పల్లవిలో కనిపించిన కుక్క

స్విట్జర్లాండ్ దరఖాస్తులు రెండూ బల్ల మీదే ఉంచేసి, మిగతా కాగితాలున్న కవరు ట్రావెల్స్ ఆఫీసు గుమస్తా చేతికిచ్చాను. ఆయన దాన్ని స్కూటర్ డిక్కీలో పెట్టి, ఇంజను ఆపేసుకుని ఫిల్మ్ నగర్ వాలులో కిందికి జారిపోయాడు. పెట్రోలు మీద ప్రేమ ఉన్నవాళ్లందరూ ఆ రోడ్డు అలాగే దిగేవారు. మేడమెట్ల మీద కూర్చుని చూస్తున్న మా అమ్మాయి అడిగింది.

“నాన్నా, కుక్క ఉన్న దేశం కాగితం పెట్టావా?”

“పెట్టానమ్మా” అన్నాను.

పెట్టానో లేదో నాకు తెలియదు. ఆ మాట ఆ పిల్లకి చెప్పే ధైర్యం లేకపోయింది. లోపలికి వచ్చి, మిగిలిపోయిన ఆ రెండు దరఖాస్తులనూ పాత పేపర్ల కింద దాచాను.

ఇది తొంభైల చివరి మాట. నేను ఒక దినపత్రికలో సినిమా పేజీ చూసేవాణ్ని. మా ఆవిడ స్కూల్లో టీచరు. ఫిల్మ్ నగర్‌లో ఒక ఇంటి పైవాటా మాది. కిందివాటాలో ఒక ప్రొడక్షన్ మేనేజర్ ఉండేవాడు, కృష్ణా జిల్లా మనిషి. మద్రాసులో ఇరవై ఏళ్లు పనిచేసి, పరిశ్రమతో పాటు ఇక్కడికి వచ్చాడు. పాటలు తీయడానికి యూరప్ వెళ్లే యూనిట్లను ఎక్కించడం, దించడం, మధ్యలో తిండి పెట్టించడం ఆయన పని. మా ఆవిడ ఆయన్ని అన్నయ్యగారూ అనేది.

ఆ ఏడు ఫిబ్రవరిలో మా అమ్మాయికి ఆటలమ్మ పోసింది. అప్పటికి దానికి ఆరేళ్లు. మూడేళ్ల తమ్ముణ్ని దాని దగ్గరికి రానివ్వకుండా పక్క గదిలో పెట్టాం, వాడు తలుపు తన్నుతూనే ఉండేవాడు. వేపాకుల మీద పడుకున్న పిల్లకి కాలక్షేపంగా ఉంటుందని మేనేజర్‌గారు ఒక వీడియో క్యాసెట్ ఇచ్చారు. ఆయన పనిచేసిన సినిమాల్లో పాటలన్నీ వరసగా అందులో ఉన్నాయి. అందులో ఒకే ఒక్క పాట మా అమ్మాయికి నచ్చింది. పల్లవిలో కథానాయిక పసుపుపచ్చ చీరలో ఒక చెక్క వంతెన మీద పరుగెడుతుంది. వంతెన చివర, ఎవరూ అక్కడ కూర్చోమనకపోయినా, ఒక నలుపు తెలుపు కుక్క కూర్చుని ఉంటుంది. ఒక చెవి నిలబడి, ఒక చెవి వాలిపోయి, సరిగ్గా మనవైపే చూస్తుంది. రెండు క్షణాలు, అంతే. ఆ తర్వాత మంచు వచ్చేస్తుంది. హాల్లో చూసినవాళ్లెవరూ ఆ కుక్కను గమనించి ఉండరు. మా అమ్మాయి మాత్రం రోజుకి ఇరవై సార్లు వెనక్కి తిప్పించుకుని చూసింది.

పొక్కులు ఎండే దశలో దురద మొదలైంది. ఏడుస్తోంది. చేతులు పట్టుకుని కూర్చోవడం మావల్ల కాలేదు. ఏం చెప్పాలో తోచక అనేశాను.

“నువ్వు గోక్కోకుండా ఉంటే ఆ కుక్క దగ్గరికి తీసుకెళ్తాను.”

“ఎప్పుడు?”

“ఎండాకాలం సెలవుల్లో.”

రెండు పిడికిళ్లూ బిగించి చంకల్లో పెట్టుకుంది. ఆ వారం రోజులూ నిద్రలో కూడా అలాగే ఉంది. పొక్కులు రాలిపోతే మాట కూడా మరిచిపోతుందనుకున్నాను. సరిగ్గా అప్పుడే జర్మనీలో ఉంటున్న మా ఆవిడ అక్క ఉత్తరం రాసింది, సెలవులకు అందరూ రండి, మా ఇంట్లో ఉండి నాలుగు దేశాలు చూసి వెళ్లండి అని. మా అమ్మాయి మొదట అడిగిన ప్రశ్న, ఆ నాలుగింట్లో కుక్క దేశం ఉందా అని.

ప్రయాణం ప్లాను మేనేజర్‌గారు వేస్తానన్నారు. మేము వేయగలమని మాకూ నమ్మకం లేదు. రెండు రోజుల్లో పెద్ద తెల్ల కాగితం మీద గళ్లు గీసి తెచ్చారు. మొదటి గడిలో తేదీ, రెండో గడిలో లొకేషన్, మూడో గడిలో ఎన్నింటికి బయల్దేరాలి. పొద్దున్న ఒక దేశంలో టిఫిను, సాయంత్రం ఇంకో దేశంలో టీ. పద్దెనిమిది రోజుల్లో ఏ ఊళ్లోనూ రెండు రాత్రులు లేవు.

“అన్నయ్యగారూ, పిల్లాడికి గంటకోసారి బాత్రూం. అది ఏ గడిలో రాశారు?” అంది మా ఆవిడ.

“బస్సు ఆపిస్తామమ్మా, అదెంత పని!”

“ఏ బస్సు?”

ఆ ప్లానులో బస్సు ఉంది, వంటాయన ఉన్నాడు, సామాన్లు మోసేవాళ్లు ఉన్నారు. ఇద్దరు పిల్లలతో రైలెక్కే మొగుడూ పెళ్లాలు ఆ కాగితంలో ఎక్కడా లేరు. యూరప్‌కి తొమ్మిదిసార్లు వెళ్లిన మనిషి ఒక్కసారి కూడా తన టికెట్ తాను కొనుక్కోలేదు.

“సరే, అది మళ్లీ వేద్దాం. ముందు ఆ వంతెన ఏ దేశంలో ఉందో చెప్పండి” అన్నాను.

“అదా, ఆస్ట్రియా అండీ. అనుమానమే లేదు. ఆ కుక్క పక్కనున్న హోటలాయనది. షాటు మధ్యలోకి వచ్చి కూర్చుంటే మా డైరెక్టరుగారు ఎగిరిపడ్డారు. నేనే వెళ్లి బతిమాలుకున్నాను, కుక్కని.”

ఆ ఆదివారం మేనేజర్‌గారి ఇంటికి ఆ యూనిట్ వంటాయన వచ్చాడు. మోతీనగర్‌లో ఉండేవాడు, మెదక్ వైపు మనిషి. బియ్యం, పచ్చళ్లు, రెండు పెద్ద కుక్కర్లు వేసుకుని యూనిట్‌తో అన్ని దేశాలూ తిరిగాడు. మా అమ్మాయి ఆయనకి క్యాసెట్ చూపించింది.

“అరె, ఈ కుక్కనా! ఇది స్విజ్జర్లాండ్ కుక్క బిడ్డా. దీనికి నేనే పెరుగన్నం పెట్టిన.”

“స్విట్జర్లాండ్ ఏంటయ్యా? అది ఆస్ట్రియా” అన్నారు మేనేజర్‌గారు.

“ఏంది సార్ గట్లంటరు? మీరు చెయ్యి కడుక్కునేటందుకు పోయిండ్రు, నేను గాడనే ఉన్న. దానికి ఉప్పు మిరపకాయ గిట్ల ఎయ్యకుంట కలిపి పెట్టిన.”

“నువ్వెప్పుడైనా బస్సు దిగి చుట్టూ చూశావా? నీకు కుక్కరే దేశం.”

“మీకు రిజిస్టరే దేశం. తియ్యుండ్రి మరి, చూద్దాం.”

ఏ రోజు ఏం తీశారో రాసుకున్న షూటింగు రిజిస్టర్ తీశారు. పాత్రికేయుణ్ని కదా, కాగితం కనపడగానే నాకు ప్రాణం లేచివచ్చింది. ఆ పాట తీసిన రోజు పేజీలో నీటైన అక్షరాలతో ఇలా ఉంది: పల్లవి – వంతెన. భోజనం. మొదటి చరణం – మంచు. రెండో చరణం – పూలతోట. దేశం పేరు లేదు. అంతకుముందు పేజీలోనూ లేదు, తర్వాతి పేజీలోనూ లేదు. తొమ్మిది ప్రయాణాల రిజిస్టర్లలోనూ పల్లవులు, చరణాలు ఉన్నాయిగాని దేశాలు లేవు. పాటలో ఏ బిట్టు అయిందో, ఏది మిగిలిందో రాసుకోవడమే వాళ్ల పని. ఎక్కడున్నామన్నది అక్కడి కోఆర్డినేటర్ చూసుకునే సంగతి.

మేనేజర్‌గారి పాస్‌పోర్టు కూడా తెప్పించాను. ఆ తేదీన స్విట్జర్లాండ్ దాటిన ముద్ర ఉంది, అదే తేదీన ఆస్ట్రియాలో అడుగుపెట్టిన ముద్ర ఉంది. అంటే ఆ రోజు రెండు దేశాల్లోనూ ఉన్నారు. వంతెన తర్వాత భోజనమని రిజిస్టర్ చెబుతోంది, అది వంతెన దగ్గరే పెట్టారని ఇద్దరూ ఒప్పుకున్నారు. మరి భోజనం సరిహద్దుకి ఇటా, అటా?

“దాటాకే” అన్నారు మేనేజర్‌గారు.

“దాటకముందే” అన్నాడు వంటాయన. “అన్నం వేడి వేడి ఉండె. దాటినంక అయితే చల్లగయితుండె.”

“ఆ రోజు అన్నం చల్లగా ఉందని హీరోగారు తినలేదయ్యా!”

“గది వేరే రోజు సార్.”

మా అమ్మాయి ఒకరి తర్వాత ఒకరి ముఖం చూస్తోంది. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఇద్దరికీ కుక్క గుర్తుంది.

డైరెక్టరుకి ఫోన్ చేశాను. “ఏ వంతెన అండీ? నాలుగైదింటి మీద తీశాం” అన్నాడు. కెమెరామన్ ఔట్‌డోర్ షూటింగ్‌లో ఉన్నాడు. కోఆర్డినేటర్ నంబరు మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. మా ఆవిడ అట్లాసు తెరిచి ఆ సరిహద్దు మీద వేలు పెట్టి చూసింది. వేలి కింద రెండు దేశాలూ పట్టేశాయి.

చిక్కు అక్కడే ఉంది. జర్మనీ వీసా దొరికితే దానితోనే ఆస్ట్రియా తిరగవచ్చు. స్విట్జర్లాండ్‌కి మాత్రం వేరే వీసా కావాలి. దానికి వేరే ఊరు, వేరే ఆఫీసు. పిల్లలిద్దరి పేర్లూ మా ఆవిడ పాస్‌పోర్టులోనే ఉన్నాయి. ఒకే పాస్‌పోర్టు రెండు చోట్లకి ఒకేసారి వెళ్లలేదు. ఒకదాని తర్వాత ఒకటి పంపితే మే రెండో వారంలో ఉన్న మా టికెట్లకి అందకపోవచ్చునని ట్రావెల్స్ వాళ్లు చెప్పారు. అయినా జర్మనీకీ, స్విట్జర్లాండ్‌కీ దరఖాస్తులు నింపి పెట్టుకున్నాను.

“ఏం చేద్దామండీ?” అంది మా ఆవిడ ఆ ఉదయం, గుమస్తా స్కూటర్ చప్పుడు వినపడగానే.

“మేనేజర్‌గారు పెద్దమనిషి కదా. ఆయన మాటే నిజమై ఉంటుంది.”

“వంటాయన పెరుగన్నం పెట్టానంటున్నాడు. పెట్టనిది పెట్టానంటాడా?”

నేను స్విట్జర్లాండ్ దరఖాస్తులు పక్కన పెట్టి, మిగతావి కవర్లో సర్దాను. మేనేజర్‌గారి మాట నాకు నిజమనిపించి కాదు, అది నమ్మితే ఒక వీసాతో పని అయిపోతుందని నమ్మాను. ఆఫీసులో కూడా రెండు కథనాలు చేతికి వచ్చి టైము లేనప్పుడు, అచ్చుకి అందేదాన్నే వేసేవాళ్లం. రెండోదాన్ని మర్నాడు చూద్దామనుకునేవాళ్లం. ఇక్కడ మర్నాడు లేదు.

వీసా వచ్చింది. వెళ్లాం. మేనేజర్‌గారి కాగితం చించేసి, మా ఆవిడ తన నోట్‌బుక్‌లో నాలుగు దేశాలను మూడు చేసింది. పిల్లాడి బాత్రూం ప్రకారం రైళ్లు ఎంచుకుంది. ఆస్ట్రియాలో అయిదు రోజులున్నాం. చెక్క వంతెనలు మూడు కనపడ్డాయి. మూడో దాని పక్కన ఒక హోటల్ కూడా ఉంది. మా అమ్మాయి ఆ వంతెన చివర, పాటలో కుక్క కూర్చున్నంత దూరంలో, ఒక అరగంట కూర్చుంది. మేమెవరమూ తొందరపెట్టలేదు. హోటలాయన బయటికి వస్తే నేను చేతులతో కుక్క ఎత్తు చూపించి, ఒక చెవి వాల్చి చూపించి అడిగాను. ఆయన నవ్వుతూ ఏదో చెప్పాడు. ఉండేదన్నాడో లేదన్నాడో నాకు అర్థం కాలేదు.

లేచి వస్తూ మా అమ్మాయి నా వేలు పట్టుకుంది.

“వంటాయన చెప్పింది కరెక్టేమో నాన్నా. ఆ దేశం కాగితం కూడా పెట్టావుగా, రేపు వెళ్దామా?”

అక్కడ తీసిన ఫొటో ఇప్పటికీ ఉంది. వంతెన మీద పిల్ల, వెనక సగం హోటలు. మేనేజర్‌గారు దాన్ని చూసి, వంతెన ఇదే, కాకపోతే రంగు మార్చినట్టున్నారు అన్నారు. వంటాయన చూసి, గిది కాదు సార్ అని తిరిగి ఇచ్చేశాడు. ఆల్బంలో ప్రతి ఫొటో కింద మా ఆవిడ ఊరు పేరు, దేశం పేరు రాసింది. దీని కింద చోటు వదిలేసింది. క్యాసెట్‌కి బూజు పట్టి, ఆ పల్లవి దగ్గర ఇప్పుడు గీతలు తప్ప ఏమీ కనపడవు.

మా అమ్మాయి ముఖం మీద ఆటలమ్మ మచ్చ ఒక్కటి కూడా లేదు. ఆ కుక్క ఏ దేశంలో ఉండేదో నాకింకా తెలియదు.